సరిహద్దు బతుకును నవలగా మలచడం: లారా ఇంగల్స్ వైల్డర్ పనితీరు చూపే దారి

సరిహద్దు (ఫ్రాంటియర్) అని పిలిచే, అమెరికా పశ్చిమాన కొత్తగా సేద్యంలోకి వస్తున్న నేలల మీద పెరిగి, ఆ బతుకునే కల్పనగా మార్చిన రచయిత్రులు చాలామందే ఉన్నారు. వారిలో లారా ఇంగల్స్ వైల్డర్‌ను ఎంచుకోవడానికి కారణం ఆమె శైలి అందరికన్నా గొప్పదని కాదు. ఆమె పని జరిగిన తీరు మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా మనకు కనిపించడమే. ఆమె రాసిన స్వీయచరిత్ర చిత్తుప్రతి ఉంది, దాని నుంచి పుట్టిన పిల్లల నవలలున్నాయి, కూతురితో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలున్నాయి, వీటికి తోడు జనాభా లెక్కలూ భూమి దస్తావేజులూ ఉన్నాయి. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే నిజం ఎక్కడ ఆగిందో, కల్పన ఎక్కడ అందుకుందో దాదాపు సంఘటనకు సంఘటన తేలిపోతుంది. అలా చదివినప్పుడు నాకు కలిగిన అభిప్రాయం ఒకటే: తాను వాస్తవం నుంచి పక్కకు తప్పుకుంటున్నానని రచయిత్రికి తెలిసిన చోటల్లా ఆ నవలలు బలపడ్డాయి, తెలియకుండా తప్పుకున్న చోటల్లా దెబ్బతిన్నాయి. కింద చెప్పే పద్ధతి అంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది. సౌలభ్యం కోసం ఇందులో వైల్డర్ అంటే రచయిత్రి, లారా అంటే నవలలోని పిల్ల అని గుర్తుపెట్టుకోండి.

ముందుగా ఆమె జీవితం గురించి అవసరమైనంత వరకు. వైల్డర్ 1867 ఫిబ్రవరి 7న విస్కాన్సిన్‌లోని పెపిన్ ఊరికి దగ్గరి అడవిలో పుట్టారు. తండ్రి చార్ల్స్ ఇంగల్స్ ఒక చోట కాలు నిలవని మనిషి. 1869లో కుటుంబం కాన్సాస్ చేరింది, 1871లో మళ్లీ విస్కాన్సిన్‌కే వచ్చింది, 1874లో మిన్నెసోటాలోని వాల్‌నట్ గ్రోవ్‌కు కదిలింది, అక్కడ మిడతల దండు పంటను తినేశాక అయోవాలోని బర్ ఓక్‌కు పోయింది, తిరిగి మిన్నెసోటా వచ్చింది, చివరకు 1879లో డకోటా టెరిటరీకి చేరి, డి స్మెట్ పట్టణం పుట్టేనాటికి అక్కడ స్థిరపడింది. వైల్డర్ 1885లో అల్మాంజో వైల్డర్‌ను పెళ్లాడారు, 1894లో భర్తతోనూ కూతురు రోజ్‌తోనూ మిస్సోరీలోని మాన్స్‌ఫీల్డ్‌కు వెళ్లి, మిగిలిన జీవితమంతా అక్కడే వ్యవసాయం చేసుకుంటూ గడిపారు. తొలి నవల 'లిటిల్ హౌస్ ఇన్ ద బిగ్ వుడ్స్' 1932లో అచ్చయ్యేనాటికి ఆమెకు 65 ఏళ్లు.

మొదటి ప్రతిలో కల్పన వద్దు

నవల రాయదలచినవారు తరచుగా తొలి అధ్యాయపు తొలి వాక్యంతోనే కుస్తీ పడుతూ ఉండిపోతారు. వైల్డర్ అక్కడ మొదలుపెట్టలేదు. 'పయనీర్ గర్ల్' అని పేరు పెట్టిన చిత్తుప్రతిలో, కాన్సాస్ మైదానంలోని తొలి జ్ఞాపకాల నుంచి తన పెళ్లి దాకా జరిగినదాన్ని ఉత్తమ పురుషలో, అధ్యాయాల విభజన కూడా లేకుండా, పెన్సిలుతో గీతల కాగితాల మీద రాసుకుంటూ పోయారు. 1930లో ఆ ప్రతి సిద్ధమైంది. కూతురు రోజ్ దాన్ని టైపు చేసి పెద్దలు చదివే పత్రికలకు చూపించగా ఎవరూ తీసుకోలేదు. అయితే తర్వాత వచ్చిన ఎనిమిది పుస్తకాల్లో, అల్మాంజో బాల్యం గురించిన 'ఫార్మర్ బాయ్'ను మినహాయిస్తే, మిగిలిన ఏడింటికీ ముడిసరుకు ఆ తిరస్కరించిన ప్రతిలోనే ఉంది.

మీరు కూడా అలాంటి ప్రతి ఒకటి ముందుగా తయారు చేసుకోండి. అందులో అందం కోసం పాకులాడవద్దు, గుర్తులేని సంభాషణను ఊహించి పూరించవద్దు. ప్రతి సంఘటన పక్కన అది ఎప్పుడు జరిగిందో, ఎక్కడ జరిగిందో, ఆ సంగతి మీకెలా తెలిసిందో రాసుకోండి. ఈ మూడవది చాలామంది వదిలేస్తారు. నిజానికి అన్నిటికన్నా అవసరమైనది అదే. కళ్లారా చూసినది ఒకటి, తల్లి చెప్పగా విన్నది ఇంకొకటి, ఇంట్లో అందరూ అనుకుంటూ ఉండగా నమ్మినది మరొకటి. ఈ మూడింటినీ ఒకే సిరాతో రాసేస్తే పదేళ్ల తర్వాత ఏది ఏదో మీకే తెలియకుండా పోతుంది.

పెద్దవారిని అడగవలసినది ఆలస్యం చేయవద్దు. వైల్డర్ తల్లి కరోలైన్ 1924లో చనిపోయారు. ఆ మరుసటి ఏడాదే వైల్డర్ తన పెద్దమ్మ మార్తా కార్పెంటర్‌కు ఉత్తరం రాసి, విస్కాన్సిన్‌లో పాత రోజుల విశేషాలూ వంటల తీరూ చెప్పమని అడిగారు. ఆ పెద్దమ్మ రాసి పంపిన జవాబులు తర్వాత తొలి నవలకు పనికివచ్చాయి. అడిగిన తీరు గమనించదగ్గది: మీ జీవితం గురించి చెప్పండి అని అడిగితే ముసలివారు దేవుడి దయ అని ఊరుకుంటారు, ఫలానా వంటకం ఎలా చేసేవారు అని అడిగితే దాని వెంట నలుగురు మనుషులూ ఒక పెళ్లీ బయటికి వస్తాయి. అనుభవించినవారు ఎవరూ మిగలని కాలం గురించి రాసేవారికి డైరీలు, ఉత్తరాలు, భూమి దరఖాస్తుల ఫైళ్లు ఆ పని చేసిపెడతాయి.

చేయి తిరగడం సంగతి కూడా ఉంది. వైల్డర్ 1911 నుంచి 'మిస్సోరీ రూరలిస్ట్' అనే వ్యవసాయ పత్రికలో ఏళ్ల తరబడి చిన్న చిన్న వ్యాసాలు రాశారు. కోళ్ల పెంపకం, ఇంటి పని, ఇరుగుపొరుగు కబుర్లు వంటివి ఆమె విషయాలు. నవలల్లో కనిపించే పొదుపైన వాక్యం ఒక్కసారిగా ఊడిపడినది కాదు.

ఏది వదలాలో నిర్ణయించడం

ఇక్కడి నుంచి కల్పన మొదలవుతుంది, అదీ కలపడంతో కాక తీసివేయడంతో. 'పయనీర్ గర్ల్'లో ఉండి నవలల్లో లేనివాటిని చూస్తే ఆ సంగతి అర్థమవుతుంది. వైల్డర్‌కు ఫ్రెడ్డీ అనే తమ్ముడు ఉండేవాడు. 1875 నవంబరులో పుట్టి, మరుసటి ఆగస్టులో తొమ్మిది నెలల వయసుకే చనిపోయాడు. నవలల్లో అతడు లేడు. ఆ వెంటనే కుటుంబం బర్ ఓక్‌లో ఒక హోటలు పనిలో చేరింది. పక్కనే సారా దుకాణం, తలుపులో తుపాకి గుండు చేసిన రంధ్రం, వైల్డర్‌ను పెంచుకుంటానని అడిగిన డాక్టరు భార్య, చివరకు అద్దె బాకీతో రాత్రికి రాత్రి బండి కట్టుకుని ఊరు విడవడం, ఇవన్నీ చిత్తుప్రతిలో ఉన్నాయి. నవలల వరుసలో మాత్రం మిన్నెసోటా నుంచి కథ నేరుగా డకోటా దారి పడుతుంది. బర్ ఓక్ అనే ఊరే మాయమైంది.

ఎందుకు? ఆ నవలలన్నీ ఒకే దిశలో, పడమరకు, కదులుతాయి. ఎదురుదెబ్బ తిని తూర్పుకు మళ్లడం, ఒకరి హోటల్లో అంట్లు కడగడం ఆ కదలికను విరిచేస్తాయి. చదివేవారు పిల్లలు అన్న లెక్క కూడా తప్పక ఉండి ఉంటుంది. మంచి నవల ఒకటి బర్ ఓక్‌లో సమాధి అయిందని నాకు అనిపిస్తూ ఉంటుంది కానీ, ఆమె రాస్తున్న నవలకు అది ఇమడదన్నది నిజమే. 1937లో డెట్రాయిట్‌లో ప్రసంగిస్తూ వైల్డర్ తాను చెప్పినదంతా నిజమేననీ, అయితే అది పూర్తి నిజం కాదనీ స్పష్టంగా ఒప్పుకున్నారు.

ఇంతకన్నా సూక్ష్మమైన ఉదాహరణ 'ద లాంగ్ వింటర్'లో ఉంది. 1880–81 నాటి ఆ భయంకరమైన చలికాలంలో ఇంగల్స్ కుటుంబం ఒంటరిగా లేదు. జార్జి మాస్టర్స్, మ్యాగీ అనే యువదంపతులు పసిబిడ్డతో ఆ ఇంట్లోనే ఉండిపోయారు. జార్జి పనికి ముందుకు రాని మనిషి అనీ, పొయ్యి దగ్గర వెచ్చని చోటు మాత్రం వదిలేవాడు కాదనీ చిత్తుప్రతి చెబుతుంది. అతడిని ఉన్నట్టుగా చూపిస్తే నవల అతడి మీద కోపంగా మారిపోతుంది. మంచివాడిగా మార్చి చూపిస్తే, మంచు గోడల మధ్య ఆరుగురు మనుషులు తమకు తామే దిక్కుగా మిగిలిన ఒంటరితనం చెదిరిపోతుంది. వైల్డర్ ఆ కుటుంబాన్ని మొత్తంగా తీసేశారు.

మీ చిత్తుప్రతిలో వదలదలచుకున్న ప్రతి భాగం పక్కన కారణం ఒక్క వాక్యంలో రాయండి. కథ దిశకు అడ్డం వస్తోంది అన్నది కారణం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది అన్నది కూడా మనుషులకు సహజమైన కారణమే, కానీ ఆ రెండూ ఒకటి కావు. రెండవ కారణంతో వదిలినదాన్ని కొన్నాళ్లు ఆగి మళ్లీ చూడండి. తరచుగా నవలకు అవసరమైనది అక్కడే దాగి ఉంటుంది. వైల్డర్ అక్క మేరీ చూపు పోవడం అలాంటిదే. 1879లో పద్నాలుగేళ్ల వయసులో ఆమెకు చూపు పోయింది. పిల్లల పుస్తకానికి అది బరువైన విషయమే అయినా వైల్డర్ దాన్ని వదలలేదు.

ఎవరి కళ్లతో, ఏ వయసులో

చిత్తుప్రతిలోని 'నేను' నవలల్లో 'లారా' అయింది. ఇది వ్యాకరణంలో మార్పు మాత్రమే కాదు. అరవై దాటిన స్త్రీ తన గతాన్ని తలచుకుంటున్న గొంతు పోయి, ఎదురుగా ఉన్నదాన్ని తప్ప మరేదీ ఎరగని పిల్ల చూపు వచ్చింది. అప్పు ఎంతో, భూమి ఎవరిదో, తండ్రి రాత్రి ఎందుకు నిద్రపోలేదో లారాకు తెలియదు. తల్లి పెదవులు బిగించడం మాత్రం కనిపిస్తుంది. పాఠకుడు ఆ రెండింటినీ కలుపుకుంటాడు. పిల్ల పెరిగేకొద్దీ పుస్తకాల వాక్యాలు కూడా పొడవవుతాయి, తెలిసేవి పెరుగుతాయి.

ఈ చూపు కోసం ఆమె వయసునే మార్చవలసి వచ్చింది. కాన్సాస్‌లో ఉన్న కాలంలో వైల్డర్‌కు రెండు నుంచి నాలుగేళ్లు. అంత చిన్నపిల్ల ఒక నవలను మోయలేదు. అందుకని విస్కాన్సిన్‌లో రెండు విడతలుగా గడిపిన కాలాన్ని ఒక్కటిగా చేసి ముందు పెట్టి, కాన్సాస్‌ను దాని తర్వాతకు జరిపి, అక్కడి లారాను ఐదారేళ్ల పిల్లను చేశారు. వయసులు మార్చేటప్పుడు మీరు ఒక కాగితం మీద రెండు నిలువు వరుసలు గీసి, ఒక దానిలో అసలు సంవత్సరాలు, రెండవ దానిలో నవల సంవత్సరాలు వేసుకోండి. లేకపోతే మూడవ అధ్యాయంలో పుట్టని చెల్లెలు ఐదవ అధ్యాయంలో నడుస్తూ కనిపిస్తుంది.

ఒక మార్పు ఇంకో మార్పును వెంట తెస్తుందని చెప్పడానికి అల్మాంజో వయసు చాలు. అతడు వైల్డర్ కన్నా పదేళ్లు పెద్ద. 1857లో పుట్టినవాడు కనుక, 1879లో సాగు చేసేవారికి ప్రభుత్వం ఇచ్చే హోమ్‌స్టెడ్ భూమికి దరఖాస్తు పెట్టేనాటికి చట్టం కోరిన 21 ఏళ్లు దాటి ఉన్నాడు. పదమూడేళ్ల పిల్లకూ ఇరవై మూడేళ్ల యువకుడికీ మధ్య మొలకెత్తే పరిచయం పిల్లల నవలలో ఇబ్బంది పెడుతుంది కాబట్టి 'ద లాంగ్ వింటర్'లో అతడిని పంతొమ్మిదేళ్లవాడిని చేశారు. అలా చేసేసరికి అతడికి భూమి దక్కే వీలు లేకుండా పోయింది. ఆ చిక్కును విప్పడానికి అతడు వయసు ఎక్కువ చెప్పుకుని భూమి పొందాడని రాయవలసి వచ్చింది, దానితో ఆ పాత్రకు కాస్త చిలిపిదనం, చట్టం మీద ఒక విసురు వచ్చి చేరాయి. మార్పు నుంచి పుట్టిన చిక్కును దాచకుండా కథలోకే లాక్కోవడం ఇక్కడ నేర్చుకోవలసిన నేర్పు.

వర్ణన అభ్యాసానికి మేరీ అంధత్వం కన్నా మంచి పాఠం నాకు ఎక్కడా కనబడలేదు. 'బై ద షోర్స్ ఆఫ్ సిల్వర్ లేక్'లో తండ్రి లారాను ఇకపై అక్కకు కళ్లుగా ఉండమంటాడు. అప్పటి నుంచి రైలు పెట్టె లోపలి రంగులు, మైదానం మీద సూర్యాస్తమయం, ఎదుటివారి దుస్తులు, అన్నీ లారా మాటల్లో చెప్పవలసినవే. మీరు రాసిన ఒక దృశ్యాన్ని కళ్లు మూసుకున్న మనిషికి నోటితో చెప్పి చూడండి. అందంగా ఉంది, విశాలంగా ఉంది వంటి మాటలు ఎందుకూ పనికిరావని వెంటనే తేలిపోతుంది; ఏది ఎక్కడుంది, ఏది కదులుతోంది, వెలుగు ఎటు నుంచి పడుతోంది అన్నవే వినేవారు అడుగుతారు.

చూపు మీ సొంతం కానక్కరలేదు కూడా. తొమ్మిదేళ్ల వయసులో 1883లో వర్జీనియా నుంచి నెబ్రాస్కా చేరిన విల్లా కేథర్, 'మై ఆంటోనియా'లో చెక్ వలస కుటుంబపు కథను జిమ్ బర్డెన్ అనే మగవాడి నోట చెప్పించారు. అక్కడ రచయిత్రి పరాయి కుటుంబాన్ని బయటి నుంచి ఎరిగినవారు కాబట్టి, కథ చెప్పేవాడు కూడా బయటివాడిగానే ఉండడం సరిపోయింది. మీకు ఆ జీవితంతో ఉన్న దూరం ఎంతో, కథకుడికీ అంతే దూరం ఉంచడం భద్రమైన పద్ధతి.

పనిని పనిగా చూపించడం

సరిహద్దు జీవితం గురించిన నవలల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి. తోడేళ్లు, తుపాకులు, మంచు తుఫానులు అన్నీ ఉంటాయి, కానీ ఆ ఇంట్లో దీపం దేనితో వెలుగుతోందో రచయితకు తెలిసి ఉండదు. వైల్డర్ నవలల్లో కథను నడిపేది పనే. 'లిటిల్ హౌస్ ఆన్ ద ప్రెయిరీ'లో తండ్రి తలుపు చేసే అధ్యాయం చూడండి. ఇనుప మేకులు లేవు, కాబట్టి కొయ్య మేకులు చెక్కుతాడు, తొలిచిన రంధ్రాల్లోకి దిగగొడతాడు. గడియకు తాడు కట్టి, దాన్ని తలుపులోని కన్నం గుండా బయటికి వదులుతాడు. తాడు బయట వేలాడుతుంటే ఎవరైనా లాగి లోపలికి రావచ్చు. లోపలికి లాగేసుకుంటే ఇల్లు మూసినట్టే. ఆ తాడు ఎలా పనిచేస్తుందో తెలిసిన పాఠకుడికి, ఒక రాత్రి తండ్రి దాన్ని లోపలికి లాగాడని చెబితే చాలు, భయం అనే మాట వాడవలసిన పని లేదు.

'ద లాంగ్ వింటర్' ఈ విషయంలో ఆమె రాసినవాటన్నిటికన్నా మేటి. అక్టోబరులోనే తొలి మంచు తుఫాను వచ్చింది, 1881 తొలి నెలల్లో రైళ్లు ఆగిపోయాయి, మే నెల దాకా సరుకు రాలేదు. నవల నిర్మాణమంతా ఒక్కొక్క వస్తువు అయిపోవడం మీద నిలబడింది. బొగ్గు అయిపోయింది, కాబట్టి ఎండుగడ్డిని మెలిపెట్టి కర్రల్లాగా బిగించి పొయ్యిలో పెడతారు. గడ్డి చిటపటమని నిమిషాల్లో కాలిపోతుంది కనుక ఎవరో ఒకరు వెనక వసారా చలిలో నిలబడి మెలిపెడుతూనే ఉండాలి. గడ్డి మొనలు అరచేతులు కోస్తాయి. కిరసనాయిలు అయిపోయింది, కాబట్టి ఒక బొత్తాన్ని గుడ్డలో చుట్టి, గుడ్డ కొసను వత్తిగా నిలిపి, బండి ఇరుసుకు పూసే కొవ్వులో ముంచి దీపం చేస్తారు. పిండి అయిపోయింది, కాబట్టి విత్తనాల గోధుమలను కాఫీ గింజల మరలో పోసి విసురుతారు. ఆ మరలో ఒకసారికి పట్టేవి కాసిన్ని గింజలే, ఒక పూట రొట్టెకు గంటల తరబడి ఒకరి తర్వాత ఒకరు తిప్పాలి. మేరీ దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని తిప్పుతూ ఉంటుంది. చివరకు ఫిడేలు వాయించే తండ్రి వేళ్లు గడ్డి మెలిపెట్టీ చలికి వాచీ తంతుల మీద ఆడవు. అంతకు ముందు నాలుగు పుస్తకాలుగా ప్రతి కష్టం తర్వాతా మోగిన ఆ ఫిడేలు మూగబోయినప్పుడు, ఆకలి గురించి రచయిత్రి వేరే చెప్పలేదు.

దీన్ని మీ పనికి ఎలా మలచుకోవాలంటే, మీ కాలపు ఇంట్లో రోజూ ఖర్చయ్యే వస్తువుల పట్టిక ముందు వేసుకోండి. వంటచెరకు, నూనె, ఉప్పు, దారం, సబ్బు, మందుగుండు ఎక్కడి నుంచి వచ్చేవి, అయిపోతే బదులు ఏమి వాడేవారు, ఆ బదులు పనికి ఎవరి చేతులు, ఎంతసేపు అవసరమయ్యేవి అని ఒక్కొక్కదానికీ రాయండి. ఆ మూడవ ప్రశ్నలోనే దృశ్యం ఉంటుంది. వీలైతే ఆ పని ఒక్కసారైనా చేసి చూడండి. గడ్డిని మెలిపెట్టి కర్రగా నిలపడం చదివినంత సులువు కాదు. ఇక దృశ్యం రాసేటప్పుడు చేతుల కదలికను సరైన వరుసలో చెప్పండి, చూస్తున్న పాత్రకు అర్థమైనంతే చెప్పండి, వాడుకలో ఉన్న పనిముట్టు పేరు ఒక్కసారి చెప్పి వదలండి. పనిముట్ల పేర్లు గుప్పించడం వల్ల రచయిత చదువు తప్ప మరేదీ కనిపించదు.

మనుషులను మార్చడం, పేర్లు పెట్టడం

వాల్‌నట్ గ్రోవ్‌లో దుకాణదారు కూతురిగా మొదలై డకోటాలో మళ్లీ ప్రత్యక్షమయ్యే గర్విష్ఠి నెల్లీ ఓల్సన్ అనే అమ్మాయి ఎవరూ లేరు. నెల్లీ ఓవెన్స్, జెనీవీవ్ మాస్టర్స్, స్టెల్లా గిల్బర్ట్ అనే ముగ్గురు అమ్మాయిలను వేర్వేరు కాలాల్లో ఎరిగిన వైల్డర్ వారిని కలిపి ఒక పాత్ర చేశారు. ముగ్గురు వచ్చి పోయేకన్నా ఒకరే వెంటపడడం నవలకు మేలు. పైగా బతికున్న ఏ ఒక్కరి మీదా భారం మొత్తం పడదు. జాక్ అనే కుక్క విషయంలో ఆమె ఇందుకు విరుద్ధమైన పని చేశారు. నిజంలో కాన్సాస్ విడిచేటప్పుడే గుర్రాలతోపాటు దాన్ని ఇచ్చేశారు. నవలల్లో మాత్రం అది డకోటా ప్రయాణపు ముందు రాత్రి దాకా బతికి, వృద్ధాప్యంతో చనిపోతుంది. లారా బాల్యం అక్కడితో ముగిసిందని చెప్పడానికి ఆ చావును దాచి ఉంచినట్టుంది.

పేర్లు మార్చినంత మాత్రాన రక్షణ దొరుకుతుందని అనుకోవద్దు. కరోలైన్ కిర్క్‌లండ్ అనే రచయిత్రి మిషిగన్‌లోని పింక్నీ అనే కొత్త ఊళ్లో కాపురం చేస్తూ, ఆ ఊరిని మాంటక్యూట్‌గా మార్చి, మేరీ క్లావర్స్ అనే కలం పేరుతో 1839లో 'ఎ న్యూ హోమ్, హూ విల్ ఫాలో?' ప్రచురించారు. ఇరుగుపొరుగు తమను తాము గుర్తుపట్టి మండిపడ్డారు. ఆమె రాత పదునైనది, హాస్యం నిండినది. కానీ చీటికిమాటికి జల్లెడ అప్పు అడిగే పొరుగావిడను నవ్వుతూ చిత్రించినా, ఆ పొరుగావిడ దృష్టిలో అది ద్రోహమే. బతికున్నవారి గురించి రాస్తున్నప్పుడు ఊరి పేరూ మనిషి పేరూ మార్చడంతో ఆగకుండా, వృత్తి, కుటుంబంలో మనుషుల సంఖ్య, మాట్లాడే తీరు వీటిలో కనీసం రెండింటిని మార్చండి.

రికార్డులతో సరిచూడడం

చట్టం, వాతావరణం, రైలు, ధర, దూరం వీటి విషయంలో జ్ఞాపకాన్ని నమ్మవద్దు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండినవారు లేదా కుటుంబ పెద్ద, 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టి, ఐదేళ్లు అక్కడ నివసించి సాగు చేస్తే హక్కు దక్కేది. పెళ్లికాని స్త్రీలూ అర్హులే, ఈ సంగతి ఎన్నో నవలలు మరచిపోయాయి. 1873లో వచ్చిన చట్టం చెట్లు పెంచినవారికి భూమి ఇచ్చింది; మొదట 40 ఎకరాల్లో నాటమన్నారు, 1878లో దాన్ని 10 ఎకరాలకు తగ్గించారు. మీ పాత్ర ఏ ఏడాది దరఖాస్తు పెడుతోందన్న దాన్ని బట్టి అతడు నాటవలసిన చెట్లే మారిపోతాయి.

వైల్డర్ జ్ఞాపకం తప్పిన చోట్లు కూడా ఉపయోగపడతాయి. కాన్సాస్ ఇల్లు ఇండిపెండెన్స్ పట్టణానికి 40 మైళ్ల దూరమని ఆమె నమ్మారు, నవలలోనూ అదే రాశారు. 1870 జనాభా లెక్కల్లో ఆ కుటుంబం దొరికినది అంతకన్నా చాలా దగ్గరగా ఉన్న రట్లండ్ టౌన్‌షిప్‌లో. బెండర్ కుటుంబం అనే హంతకులను వెంటాడిన గుంపులో తన తండ్రి ఉన్నాడని ఆమె డెట్రాయిట్ ప్రసంగంలో చెప్పారు. కానీ ఆ హత్యలు బయటపడినది 1873లో, ఇంగల్స్ కుటుంబం కాన్సాస్ విడిచిన రెండేళ్ల తర్వాత. ఇంట్లో చెప్పుకున్న కథ చూసిన సంగతిగా మారిపోయిందన్నమాట. చిత్తుప్రతిలో ప్రతి సంఘటన పక్కనా అది ఎలా తెలిసిందో రాయమన్నది ఇందుకే.

ఆ నేల అప్పటికే ఎవరిది

అన్నిటికన్నా పెద్ద లోపం ఇక్కడ ఉంది. ఇంగల్స్ కుటుంబం కాన్సాస్‌లో ఇల్లు కట్టుకున్న చోటు ఓసేజ్ అనే అమెరికా ఆదివాసీ ప్రజలకు కేటాయించిన రిజర్వు భూమి. అక్కడ సెటిలర్లు, అంటే బయటి నుంచి వచ్చి స్థిరపడేవారు, ఉండడానికి చట్టబద్ధమైన హక్కు లేదు. నవలలో ఓసేజ్ మనుషులు భయం గొలిపేవారిగానో, చివర్లో గుర్రాల మీద పొడవాటి బారుగా తరలిపోయే దృశ్యంగానో కనిపిస్తారు. 1935 నాటి ముద్రణలో తొలి పేజీల్లో ఆ ప్రాంతంలో మనుషులే లేరనీ, ఇండియన్లు (అక్కడి ఆదివాసులు) మాత్రమే ఉండేవారనీ అర్థం వచ్చే వాక్యం ఉంది. 1952లో ఒక పాఠకుడు అభ్యంతరం రాసినప్పుడు వైల్డర్ తప్పు ఒప్పుకున్నారు. తర్వాతి ముద్రణలో 'మనుషులు' అన్న చోట 'సెటిలర్లు' అని మార్చారు. అది మాట మారిస్తే తీరే లోపం కాదని నా అభిప్రాయం. 2018లో అమెరికా గ్రంథాలయాల సంఘంలోని బాలసాహిత్య విభాగం ఆమె పేరిట ఇస్తూ వచ్చిన పురస్కారం నుంచి ఆ పేరును తొలగించింది.

మీరు రాయబోయే నేల ఏ తెగదో, ఏ ఒప్పందం కింద చేతులు మారిందో, మీ కథ జరిగే నెలకు ఆ ప్రజలు ఎక్కడ ఉన్నారో తెలుసుకోకుండా మొదటి అధ్యాయం మొదలుపెట్టవద్దు. పిల్ల చూపు నుంచి రాస్తున్నాం కనుక ఆమెకు తెలియదులే అనడం కుదరదు. అప్పు సంగతి తెలియని లారాకు తల్లి బిగించిన పెదవులు కనిపించినట్టే, ఖాళీ చేసిన గుడిసెల జాడో, కాలిబాటో, ఒక సమాధో ఆమెకు కనిపించవచ్చు. ఎదురుపడిన మనిషికి పేరుండవచ్చు, పనుండవచ్చు, తన భూమిలో ఇల్లెందుకు కట్టారని అడిగే నోరుండవచ్చు.

రెండవ చేయి, మిగిలిన కాగితాలు

రోజ్ వైల్డర్ లేన్ అప్పటికే పేరున్న పాత్రికేయురాలు, రచయిత్రి. తల్లి నవలలను ఆమె టైపు చేయడమే కాక, దృశ్యాలను పెంచమనీ కుదించమనీ పోరాడారు, చాలాచోట్ల స్వయంగా మార్చారు. ఆమె వాటా ఎంత అన్న చర్చ విమర్శకుల్లో ఇంకా నడుస్తూనే ఉంది. సంపాదకురాలిగా ఆమె లేకపోతే ఆ పుస్తకాలు ఈ రూపంలో ఉండేవి కావన్నది నిశ్చయం. మరోవైపు అదే కుటుంబ జ్ఞాపకాలతో రోజ్ కూడా 'లెట్ ద హరికేన్ రోర్' రాశారు, తాతా అమ్మమ్మల పేర్లనే పాత్రలకు పెట్టారు. అది 1932లో పత్రికలో ధారావాహికగా వచ్చింది. ఒకే ఇంట్లో ఇద్దరు రాసేవారుంటే, ఏ సంఘటన ఎవరిదో మొదటే మాట్లాడుకుని కాగితం మీద పెట్టుకోవడం మేలు. సంపాదకుల సూచనల్లో కథ దిశకు సంబంధించినవాటిని వినండి. పని ఎలా జరిగేది, ఆ రోజు ఎవరు ఏమి చేశారు అన్న విషయాల్లో మాత్రం మీ ప్రతిదే చివరి మాట కావాలి.

చిత్తుప్రతిని, వయసుల పట్టికను, వదిలినవాటి కారణాలను పారేయవద్దు. 'పయనీర్ గర్ల్' వివరణలతో సహా 2014లో సౌత్ డకోటా హిస్టారికల్ సొసైటీ ప్రెస్ ద్వారా అచ్చయింది. దానికి చాలా ముందే, పెళ్లయిన తొలి ఏళ్ల గురించి వైల్డర్ రాసిపెట్టుకున్న మరో ప్రతి, ఆమె 1957లో మరణించిన పద్నాలుగేళ్లకు, 1971లో 'ద ఫస్ట్ ఫోర్ ఇయర్స్'గా వచ్చింది. మెరుగుపెట్టని ఆ పుస్తకాన్ని పూర్తయిన నవలగా భావించి చదివినవారు నిరాశపడ్డారు. అందుకని మీ ప్రతి పెట్టె మీద అది ఏ దశలో ఉందో, ఏ తేదీ నాటిదో, మీరు చూసినదా విన్నదా కల్పించినదా అన్నది రాసి ఉంచండి.